ఇంట్లో ఫోటోలు ముద్రించుకోవడానికి ఆల్-ఇన్-వన్ ఇంక్‌జెట్ ప్రింటరును ఎంచుకోవడం ఎలా?

ఫోటోల కోసం ప్రింటరు కొనదలచినవారు సాధారణంగా ముందు పెట్టె మీద ఉండే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకెను, ఆ తరువాత ధరను చూస్తారు. ఆ రెండింటికంటే ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఎంత తరచుగా ముద్రిస్తారు? ఇంక్‌జెట్ ప్రింటరు వాడకం వల్ల కంటే వాడకపోవడం వల్లే ఎక్కువగా పాడవుతుంది. ప్రింట్ హెడ్‌లోని నాజిళ్లు, అంటే ఇంకును చిమ్మే రంధ్రాలు, తల వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి కాబట్టి, వాటి మూతి దగ్గర ఇంకు ఎండితే ఫోటో మీద సన్నని తెల్ల గీతలు పడతాయి, లేదా ఒక రంగు పూర్తిగా రాకుండా పోతుంది. ఆ అడ్డు తొలగించడానికి ప్రింటరు హెడ్ క్లీనింగ్ చేసుకుంటుంది. అందుకు ఖర్చయ్యేది కూడా మీరు కొన్న ఇంకే. నెలల తరబడి మూలన పెట్టి, ఎప్పుడో ఒకసారి పది ఫోటోలు తీసే ఇంట్లో ఇంకులో చెప్పుకోదగ్గ భాగం కాగితం మీదికి రాకుండానే, ప్రింటరు అడుగున ఉండే వ్యర్థ ఇంకు ప్యాడ్‌లోకి పోతుంది.

అందువల్ల వారానికో, కనీసం రెండు వారాలకో ఒకసారైనా రంగుల్లో ఏదో ఒకటి ముద్రించే అలవాటు ఉన్నవారికే ఫోటో ప్రింటరు గిట్టుబాటవుతుందని నా అభిప్రాయం. అలా కానివారు పత్రాలకూ స్కానింగుకూ ఒక సాదా ప్రింటరు ఉంచుకుని, ఫోటోలను స్టూడియోకు పంపడమే తెలివైన పని. లేజర్ ప్రింటరు ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నా ఎండిపోదు కానీ, టోనరు పొడితో వచ్చే ఫోటోలో చర్మం రంగుల మెత్తదనం ఇంక్‌జెట్ స్థాయిలో రాదు. పైగా ఇంక్‌జెట్ కోసం తయారైన నిగనిగలాడే ఫోటో కాగితాన్ని లేజర్ ప్రింటరు వేడి రోలర్ల మధ్యకు పంపకూడదు.

ఫోటోను నిలబెట్టేది ఇంకుల కూర్పు

మార్కెట్లో దొరికే ఆల్-ఇన్-వన్ ప్రింటర్లలో ఎక్కువ భాగం నాలుగు ఇంకులతో పనిచేస్తాయి: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. వీటిలో చాలా వాటికి నలుపు పిగ్మెంట్ ఇంకు, మిగిలిన మూడూ డై ఇంకులు. డై ఇంకులో రంగు, నీటిలో చక్కెరలా, పూర్తిగా కరిగి ఉంటుంది. అది కాగితం పైపూతలోకి ఇంకి, మెరిసే కాగితం మీద నిండైన రంగులనిస్తుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. అవి కాగితం పైభాగంలోనే నిలుస్తాయి కాబట్టి అక్షరాలు పదునుగా వస్తాయి, తడి తగిలినా చెదరవు, వెలుతురుకు వెలసిపోవడం కూడా నెమ్మదిగానే జరుగుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పత్రాలకు ఎంతో బాగుండే ఆ పిగ్మెంట్ నలుపు మెరిసే ఫోటో కాగితానికి సరిగా అతుక్కోదు. అందుకే సెట్టింగుల్లో ఫోటో కాగితాన్ని ఎంచుకోగానే ఇలాంటి ప్రింటర్లు నలుపు ఇంకును పక్కన పెట్టి, మిగిలిన మూడు రంగులనూ కలిపి నలుపును తయారుచేస్తాయి. ఆ నలుపు అసలైన నలుపు కాదు, ముదురు గోధుమకో ఆకుపచ్చకో మొగ్గుతుంది. నల్లని జుట్టులో పాయలు విడివిడిగా కనిపించక ముద్దగా ఉన్నాయంటే కారణం తరచుగా ఇదే. కాబట్టి ఇంకుల వివరాల్లో ‘ఫోటో బ్లాక్’ అనే పేరుతో డై నలుపు విడిగా ఉందా అని చూడాలి. అది ఉన్న ఐదు ఇంకుల ప్రింటరు, లేని నాలుగు ఇంకుల ప్రింటరు కంటే ఫోటోలకు స్పష్టంగా మెరుగు.

ఆరు ఇంకుల ప్రింటర్లలో అదనంగా చేర్చే రంగులు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. కొన్నింటిలో లేత సయాన్, లేత మెజెంటా ఉంటాయి. వీటి ప్రయోజనం లేత రంగుల భాగాల్లో తెలుస్తుంది. బుగ్గ మీద వెలుగు పడిన చోట ముదురు మెజెంటాతో లేత గులాబీ రంగు తేవాలంటే చుక్కలను దూరదూరంగా వేయాలి, అప్పుడు అవి నలుసుల్లా కంటికి కనబడతాయి. అదే రంగును పలుచని ఇంకుతో తెచ్చినప్పుడు చుక్కలు దగ్గరగా పడి చర్మం నునుపుగా కనిపిస్తుంది. మరికొన్నింటిలో బూడిద రంగు ఇంకు ఉంటుంది. అది నలుపు-తెలుపు ఫోటోల్లో వేరే రంగు ఛాయ తొంగిచూడకుండా కాపాడుతుంది. ఎప్సన్ ఎల్8160, ఎల్8180 ప్రింటర్లలో పిగ్మెంట్ నలుపు, ఫోటో నలుపు, బూడిద రంగు మూడూ ఉన్నాయి. కెనాన్ జీ620, జీ650 వంటి మోడళ్లలో మామూలు నాలుగు రంగులకు తోడు ఎరుపు, బూడిద రంగు ఉంటాయి. ఆల్బమ్ కోసమే కొనేవారికి నేను చెప్పేది ఆరు ఇంకుల డై ప్రింటరే. పిల్లల పాఠాలు, దరఖాస్తులు కూడా అంతే ఎక్కువగా ముద్రించే ఇంట్లో మాత్రం నలుపు రెండు రకాలుగా ఉన్నది తీసుకోవడం మేలు.

ప్రింట్ హెడ్ పనిచేసే తీరులో కూడా రెండు పద్ధతులున్నాయి. కెనాన్, హెచ్‌పీ ప్రింటర్లలో చిన్న హీటరు ఇంకును క్షణంలో మరిగించి, పుట్టిన బుడగ ఒత్తిడితో బొట్టును బయటికి నెడుతుంది. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో విద్యుత్తు తగిలినప్పుడు వంగే పీజో స్ఫటికం ఆ పని చేస్తుంది. ఫోటో నాణ్యతను బట్టి ఇది గొప్పది, అది తక్కువది అని చెప్పలేము. హెడ్ పాడైతే ఏమి చేయాలన్నది మాత్రం ముఖ్యం. ఇంకు నింపిన డబ్బా (కార్ట్రిడ్జి) మార్చే కొన్ని ప్రింటర్లలో హెడ్ కార్ట్రిడ్జిలోనే ఉంటుంది, కొత్తది వేయగానే హెడ్ కూడా కొత్తదవుతుంది. హెడ్ ప్రింటరులోనే బిగించి ఉంటే మరమ్మతు ఖర్చు కొత్త ప్రింటరు ధరకు దగ్గరగా ఉండవచ్చు.

డీపీఐ అంకె గురించి రెండు మాటలు చాలు. 4800 లేదా 5760 అన్నది ఇంకు బొట్టును ఎంత సన్నని గడిలో వేయగలదో చెప్పే లెక్క. ఫోటోలోని వివరాల లెక్క కాదు. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చేతిలో పట్టుకుని చూసే ఫోటోకు చాలు. ఆ లెక్కన 4×6 అంగుళాల ఫోటోకు 1200×1800 పిక్సెళ్లు, ఏ4 పరిమాణానికి 2480×3508 పిక్సెళ్లు కావాలి. ఈనాటి ఫోన్లన్నీ దీనికి మించినవే. రెండు మంచి ప్రింటర్లను డీపీఐ ఆధారంగా పోల్చి ఎంచుకోవడం వృథా శ్రమ.

ఇంకు ఖర్చును లెక్కగట్టడం

కంపెనీలు ప్రకటించే పేజీల సంఖ్య సాధారణంగా ఐఎస్ఓ/ఐఈసీ 24711 ప్రమాణం ప్రకారం, అంటే అక్షరాలూ చిన్న బొమ్మలూ ఉండే కార్యాలయ పత్రాలను ముద్రించి తేల్చినది. ఫోటోలో అంచు నుంచి అంచు వరకు ఇంకు పడుతుంది కాబట్టి ఆ సంఖ్యతో ఫోటోల లెక్క కుదరదు. ఫోటోల కోసం ఐఎస్ఓ/ఐఈసీ 29102 అనే వేరే ప్రమాణం ఉంది. కంపెనీ వివరాల్లో ఫోటోల సంఖ్య ఇచ్చి ఉంటే దానినే తీసుకుని, పూర్తి ఇంకు సెట్టు ధరను ఆ సంఖ్యతో భాగించి, దానికి ఒక కాగితం ధర కలపాలి. క్లీనింగుకు పోయే ఇంకు ఈ లెక్కలోకి రాదు గనుక అసలు ఖర్చు వచ్చిన మొత్తం కంటే కొంత ఎక్కువే ఉంటుంది.

ప్రింటరుతో పాటు వచ్చే కార్ట్రిడ్జిల్లో చాలాసార్లు ఇంకు తక్కువగా నింపుతారు. సీసాలతో ఇంకు పోసే ట్యాంకు ప్రింటర్లలో మొదటిసారి పోసిన ఇంకులో కొంత గొట్టాలు, హెడ్ నిండడానికే పోతుంది. కాబట్టి మొదటి సీసాలు అనుకున్నదానికంటే త్వరగా అయిపోతే కంగారు పడనక్కరలేదు. మూడు రంగులూ ఒకే కార్ట్రిడ్జిలో ఉండే ప్రింటర్లను ఫోటోలకు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను: ఆకాశం, నీళ్లు ఉన్న ఫోటోలు వరుసగా తీస్తే సయాన్ ముందు అయిపోతుంది, మెజెంటా, పసుపు మిగిలి ఉన్నా మొత్తం కార్ట్రిడ్జిని పారేయవలసి వస్తుంది. చందా పద్ధతిలో ఇంకు పంపే పథకాల్లో చందా ఆపితే ఆ కార్ట్రిడ్జిలు పనిచేయడం కూడా ఆగిపోవచ్చు; షరతులు చదవకుండా చేరకూడదు.

కాగితం వెళ్లే దారి, అంచులు లేని ముద్రణ

మంచి ఫోటో కాగితం మందంగా, చదరపు మీటరుకు 200 గ్రాముల నుంచి 300 గ్రాముల వరకు ఉంటుంది. అడుగున ట్రే మాత్రమే ఉన్న ప్రింటర్లలో కాగితం లోపల వెనక్కి మలుపు తిరిగి బయటికి రావాలి. మందపు కాగితం ఆ మలుపులో ఇరుక్కోవచ్చు, లేదా రోలర్ల గుర్తులతో రావచ్చు. వెనుక నుంచి కాగితం పెట్టే వీలున్న ప్రింటరులో దారి తిన్నగా ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. అది ఎన్ని గ్రాముల కాగితం వరకు తీసుకుంటుందో వివరాల్లో చూసుకోవాలి.

అంచు లేకుండా ముద్రించే సౌకర్యం ఉందంటే ఏ పరిమాణం వరకు ఉందని అడగాలి, ఎందుకంటే కొన్నింటిలో అది 4×6 దగ్గరే ఆగిపోతుంది. ఈ పద్ధతిలో ప్రింటరు బొమ్మను కాస్త పెద్దది చేసి, కాగితం అంచు దాటి కూడా ఇంకు చల్లుతుంది. బయట పడిన ఇంకు లోపలి ప్యాడ్‌లోకి చేరుతుంది. ఆ ప్యాడ్ నిండినప్పుడు ప్రింటరు పని ఆపేస్తుంది. దానిని మనమే మార్చుకునేలా మెయింటెనెన్స్ బాక్స్ ఉంటే సర్వీసు కేంద్రానికి మోసుకుపోయే పని తప్పుతుంది. ఇక్కడే మరొకటి గమనించాలి. ఫోన్ ఫోటో నిష్పత్తి మామూలుగా 4:3, కాగితానిది 3:2. 4×6 కాగితాన్ని నింపడానికి ఫోటో ఎత్తులో తొమ్మిదో వంతు కోసేయవలసి ఉంటుంది. గుంపు ఫోటోల్లో వెనుక వరుసవారి నడినెత్తులు తెగిపోయేది దీనివల్లే. ఎక్కడ కోయాలో ముద్రించే ముందు మీరే నిర్ణయించుకోవాలి.

స్కానరు, ఫోన్ నుంచి ముద్రణ

పాత ఫోటోలను భద్రపరచడమే ఆల్-ఇన్-వన్ కొనడానికి అసలు కారణం అయితే అద్దం మీద పెట్టి స్కాన్ చేసే భాగాన్ని శ్రద్ధగా చూడాలి. ఇళ్లలో వాడే ప్రింటర్లలో దాదాపు అన్నింటికీ సీఐఎస్ రకం సెన్సరే, అంటే అద్దానికి అతి దగ్గరగా ఉండి చదివేదే, ఉంటుంది. అద్దానికి ఆనుకున్నది చక్కగా వస్తుంది, కాస్త పైకి లేచినది మసకబారుతుంది. వంకరపోయిన పాత ఫోటోను మూతతో మెల్లగా అదిమి ఉంచాలి. 4×6 ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, దానిని 8×12 అంగుళాల వరకు పెంచుకోవచ్చు. అంతకు మించిన డీపీఐలో చాలావరకు దొరికేది కాగితపు గరుకుదనమే. పై నుంచి కాగితాలు లాక్కునే ఫీడరులో పాత ఫోటోలను ఎన్నడూ పెట్టకూడదు. నెగెటివ్ ఫిల్మును స్కాన్ చేయాలంటే మూతలో విడిగా దీపం ఉన్న స్కానరు కావాలి, మామూలు ఆల్-ఇన్-వన్‌తో ఆ పని జరగదు.

ఫోన్ నుంచి ఎయిర్‌ప్రింట్ (ఐఫోన్‌లో) లేదా మోప్రియా (ఆండ్రాయిడ్‌లో) అనే ముద్రణ సదుపాయం ద్వారా ముద్రించడం తేలికే కానీ, కాగితం రకాన్ని, నాణ్యతను ఎంచుకునే వీలు అక్కడ ఒక్కోసారి ఉండదు. కంపెనీ సొంత యాప్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఆ వీలు ఉంటుంది. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైని మాత్రమే పట్టుకుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కొనే ముందు ఒక పరీక్ష

ప్రదర్శనకు ఉంచిన ప్రింటరుతో కంపెనీ నమూనా ఫోటోను కాక, మీ ఫోటోను ముద్రించమని అడగండి. నీడలో ఉన్న ముఖం, మేఘాలు లేని సాయంకాలపు ఆకాశం, నల్లని జుట్టు లేదా దుస్తులు, వీటితో పాటు ఒక నలుపు-తెలుపు ఫోటో తీసుకెళ్తే చాలు. ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విడిపోకుండా జారిపోవాలి, అడ్డంగా సన్నని చారలు ఉండకూడదు. నలుపు-తెలుపు ఫోటోను ముందు కిటికీ దగ్గర, తరువాత బల్బు కింద పట్టుకుని చూడాలి: బూడిద రంగు ఒక చోట ఆకుపచ్చగా, మరొక చోట గులాబీగా మారుతుంటే ఆ ప్రింటరు రంగులు కలిపి నెట్టుకొస్తోందన్న మాట. నాలుగు ఇంకుల ప్రింటరుకు, బూడిద ఇంకు ఉన్నదానికి మధ్య తేడా ఈ ఒక్క కాగితంతోనే బయటపడుతుంది. పిగ్మెంట్ ఇంకు ఫోటో అయితే దానిని వెలుతురులో ఏటవాలుగా తిప్పి, ముదురు భాగాల మీద కంచు రంగు మెరుపు కనిపిస్తుందేమో చూడాలి.

ఇంటికి తెచ్చిన తరువాత మొదటి ప్యాకెట్టు ప్రింటరు కంపెనీ కాగితమే కొనడం మంచిది, ఎందుకంటే డ్రైవరులోని (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరులోని) కాగితం రకాలు ఆ కాగితానికి సరిపడేలా తయారుచేసినవి. వేరే కంపెనీ కాగితానికి మారినప్పుడు దాని ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు సరిగా రావడానికి వాడే ఫైలు) దొరికితే దించుకుని వాడాలి, దొరకకపోతే దగ్గరి రకాన్ని ఎంచుకుని ఒక చిన్న ఫోటోతో సరిచూసుకోవాలి. ముద్రణ ముదురుగా వచ్చిందని ప్రింటరును తప్పుపట్టే ముందు తెర వెలుగును తగ్గించి చూడండి. చాలా తెరలు కాగితం కంటే ఎంతో ప్రకాశవంతంగా ఉంటాయి.

ప్రింటరును గోడ స్విచ్చితో కాక దాని సొంత బటనుతోనే ఆపాలి, అప్పుడే హెడ్ తన చోటికి వెళ్లి రబ్బరు మూత కిందికి చేరి ఎండకుండా ఉంటుంది. ముద్రించిన ఫోటో చేతికి పొడిగానే తగిలినా ఇంకులోని ద్రావకాలు మెల్లగా ఆవిరవుతూనే ఉంటాయి కాబట్టి, అద్దం ఉన్న ఫ్రేములో పెట్టేముందు ఒక రోజంతా గాలి ఆడేలా ఉంచాలి. తొందరపడి బిగిస్తే అద్దం లోపలి వైపు పొగమంచులాంటి పొర పేరుకుంటుంది.