ప్లగ్ దూరిందని స్విచ్ వేయకండి: పాత హోమ్ కంప్యూటర్‌కు ఫ్లాట్ మానిటర్ వెతికేవారికి జాగ్రత్తలు

గత వారం ఒక పరిచయస్థుడి అమిగా 500 (1980ల నాటి హోమ్ కంప్యూటర్) పాడైపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఏదో ఒక మూల పడి ఉండి కూడా చక్కగా పనిచేసిన యంత్రం అది. ఆయన చేసింది చాలా చిన్న పని. సెకండ్ హ్యాండ్‌లో 17 అంగుళాల ఫ్లాట్ మానిటర్ కొన్నారు. ఒక కొసన 23 పిన్నులు, రెండో కొసన వీజీఏ (పీసీ మానిటర్లకు వాడే) ప్లగ్ ఉన్న కేబుల్ ఎవరి దగ్గరో దొరికింది. రెండు కొసలూ చక్కగా దూరాయి. స్విచ్ వేశారు. తెర నల్లగానే ఉండిపోయింది, సిగ్నల్ పరిధిలో లేదన్న సందేశం మాత్రం కనిపించింది. కేబుల్ వదులుగా ఉందేమోనని, కరెంటు ఆపకుండానే ప్లగ్‌ను అటూ ఇటూ కదిపారు. కంప్యూటర్ దీపం ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

కేబుల్ విప్పి చూస్తే సంగతి తెలిసింది. 23 పిన్నుల ప్లగ్‌లు దొరకడం కష్టం కాబట్టి, దాన్ని చేసినవారు 25 పిన్నుల ప్లగ్‌ను రంపంతో కోసి సరిపెట్టారు. తొడుగు లేదు. లోపల టంకం ముద్దలు ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. అమిగా వీడియో పోర్టులో 22వ పిన్ను మీద 12 వోల్టులు, దాని పక్కనే 23వ పిన్ను మీద 5 వోల్టులు ఉంటాయి. ఆ రెండూ తాకితే, 5 వోల్టులతో నడిచే చిప్‌ల మీద 12 వోల్టులు పడతాయి. మానిటర్‌కు ఏమీ కాలేదు. అన్నిటికంటే బాధ కలిగించేది, ఎంత మంచి కేబుల్ పెట్టినా ఆ మానిటర్ ఆ అమిగా ఆటలను చూపించగలిగేది కాదు.

ఆయన రెండు మూడు పొరపాట్లు చేశారని ఎవరైనా లెక్క తీయవచ్చు. నా లెక్కలో ఉన్నది ఒకటే: ప్లగ్ దూరింది కాబట్టి సిగ్నల్ కూడా సరిపోయిందనుకోవడం. ఈ అభిరుచిలో కొత్తవారూ పాతవారూ కూడా బోల్తా పడేది ఇక్కడే. తెర మీద గీతలున్నాయేమో చూడండి, స్టాండు ఊగుతుందేమో చూడండి వంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కొనే ముందు రెండు అంకెలు

కమోడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ (రెండూ 1982), అటారీ ఎస్‌టీ (1985), అమిగా, వీటన్నిటి వీడియో ఆనాటి టీవీ లెక్క ప్రకారమే నడుస్తుంది. పాల్ అనే ఐరోపా, భారత్ టీవీ పద్ధతిలో సెకనుకు 50 సార్లు, సారికి 312 గీతల చొప్పున తెర మీద గీస్తాయి. అంటే సెకనుకు సుమారు 15,600 గీతలు. అమెరికా, జపాన్‌ల పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో 60 సార్లు, 262 గీతలు, మొత్తం 15,700 దాకా. దీన్నే మనవాళ్లు క్లుప్తంగా 15 కిలోహెర్ట్జ్ అంటారు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ వేగం దీనికి రెట్టింపు, సుమారు 31.5 కిలోహెర్ట్జ్. తర్వాత వచ్చిన ఫ్లాట్ మానిటర్లలో చాలావాటి పరిధి 30 దగ్గర మొదలవుతుంది. అంతకంటే నెమ్మదిగా వచ్చే సిగ్నల్ వాటికి చెవిటివాడి ముందు ఊదిన శంఖం.

కాబట్టి మోడల్ నంబరు పట్టుకుని దాని మాన్యువల్ తెరవండి. హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు గీతలు, కిలోహెర్ట్జ్‌లో) అన్న చోట 30 నుంచి 81 వరకు అని ఉంటే వదిలేయండి. 15 నుంచి అని ఉంటే ఆగి, రెండో అంకె చూడండి. వర్టికల్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు తెర గీస్తుందో) 56 నుంచి 75 హెర్ట్జ్ అని ఉంటే, 50 హెర్ట్జ్ పాల్ యంత్రం మళ్లీ బయటే నిలబడుతుంది. మొదటి అంకె చూసి సంబరపడి రెండోది చూడనివారిని ఎందరినో చూశాను. రెండూ కావాలి.

మాన్యువల్‌లో లేకపోయినా 15 కిలోహెర్ట్జ్ చూపించే మానిటర్లు కొన్ని ఉన్నాయి. బెన్‌క్యూ బీఎల్702ఏ ఈ విషయంలో పేరు పడింది. అయితే పేరు పడిందని గుడ్డిగా డబ్బు ఇవ్వకండి, మీ యంత్రాన్ని తగిలించి చూశాకే ఇవ్వండి. మల్టీసింక్ అన్న పేరు చూసి కూడా మురిసిపోవద్దు. 1980ల మధ్యలో ఎన్‌ఈసీ తెచ్చిన మొదటి మల్టీసింక్ 15 నుంచి 35 కిలోహెర్ట్జ్ దాకా అందుకునేది. తర్వాతి ఫ్లాట్ మానిటర్ల మీద పేరు మిగిలింది గానీ, చాలావాటిలో ఆ అడుగు అంకె మిగలలేదు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి, కాస్త నిదానంగా చదవండి. మొదటిది అటారీ ఎస్‌టీ. దాని నలుపు తెలుపు మోడ్ 640×400, సుమారు 35.7 కిలోహెర్ట్జ్, 71 హెర్ట్జ్. చాలా ఫ్లాట్ మానిటర్లు దీన్ని హాయిగా చూపిస్తాయి. అమ్మేవారు అదే చూపిస్తారు, మీరూ నమ్ముతారు. ఇంటికి తెచ్చి రంగుల ఆట పెడితే సిగ్నల్ 15కు దిగుతుంది, తెర నల్లబడుతుంది. రెండోది అమిగా 1200. దాని వర్క్‌బెంచ్‌ను (అమిగా డెస్క్‌టాప్ తెరను) 31 కిలోహెర్ట్జ్ మోడ్‌లో తెరిచి, చూశారా వీజీఏ మానిటర్ మీద ఎంత బాగుందో అంటారు. ఆటలు చాలావరకు మీ సెట్టింగును పట్టించుకోవు, నేరుగా 15 కిలోహెర్ట్జ్‌లోకి దూకుతాయి. అందుకే పరీక్ష ఎప్పుడూ ఆటతోనే పెట్టాలి. అమిగా 3000లో మాత్రం సిగ్నల్‌ను 31కి మార్చే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది, దాని యజమానులకు మొదటి అంకె గొడవ లేదు.

మరో దారి కూడా ఉంది. డెల్ 2001ఎఫ్‌పీ, 2007ఎఫ్‌పీ వంటి 4:3 మానిటర్లకు వీజీఏతో పాటు ఎస్-వీడియో (వెలుగు, రంగు వేర్వేరు తీగల మీద), కంపోజిట్ (అన్నీ ఒకే తీగ మీద) సాకెట్లు ఉన్నాయి. టీవీ సిగ్నల్ కోసం పెట్టినవి కాబట్టి 15 కిలోహెర్ట్జ్ వాటికి కొత్త కాదు. కమోడోర్ 64 వెలుగునూ రంగునూ విడివిడిగా ఇస్తుంది, తగిన కేబుల్ ఉంటే ఎస్-వీడియోలో బొమ్మ బాగా వస్తుంది. స్కార్ట్ (ఐరోపా టీవీల 21 పిన్నుల సాకెట్) ఉన్న పాత ఫ్లాట్ టీవీ అయితే అమిగాకు ఇంకా మంచిది. అదే డెల్ మానిటర్ వీజీఏ సాకెట్‌కు పెడితే మాత్రం కథ మొదటికొస్తుంది.

ఒకే ఆకారం, వేరే సంగతి

వీజీఏలో రంగుల సిగ్నల్ 0.7 వోల్టుల అనలాగ్. 1981 నాటి ఐబీఎం సీజీఏ కార్డు, కమోడోర్ 128లోని వరుసకు 80 అక్షరాల అవుట్‌పుట్ తొమ్మిది పిన్నుల ప్లగ్ మీద 5 వోల్టుల డిజిటల్ సిగ్నల్ ఇస్తాయి. బీబీసీ మైక్రో ఆరు పిన్నుల ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఇచ్చే) సాకెట్ కూడా అంతే, పైగా అందులో ఒక పిన్ను మీద నేరుగా 5 వోల్టుల సరఫరా ఉంటుంది. వీటిని వీజీఏకు కలిపే మామూలు తీగ ఎవరైనా ఇస్తే తిరిగి ఇచ్చేయండి. మధ్యలో మార్చే పరికరం లేకుండా అది పనిచేయదు.

స్కార్ట్‌లో 8వ పిన్ను టీవీని మేల్కొలిపేది, దాని మీద 12 వోల్టుల దాకా ఉంటుంది. స్కార్ట్ నుంచి వీజీఏకు కేబుల్ చేసేవారు ఈ పిన్నును వదిలేయాలి. వదిలేశారో లేదో మల్టీమీటర్‌తో మీరే చూడాలి.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం గుండ్రటి సాకెట్లు మూడు కనిపించగానే ఆర్‌జీబీ అనుకోకండి. టీవీల మీద అవి చాలాసార్లు కాంపొనెంట్ (వెలుగు ఒకటి, రంగు తేడాలు రెండు). రంగుల లెక్కే వేరు. ఇక్కడ ఏదీ కాలదు గానీ, రంగులు తారుమారైన బొమ్మ చూసి కంప్యూటర్ పాడైందని భయపడి విప్పేస్తారు. అసలు నష్టం ఆ విప్పడంలో జరుగుతుంది.

కరెంటు

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఫ్లాట్ మానిటర్లు 12 వోల్టుల బయటి అడాప్టర్‌తో నడుస్తాయి, ప్లగ్ లోపలి వైపు ప్లస్. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు కావలసింది 9 వోల్టులు, లోపలి వైపు మైనస్. రెండు అడాప్టర్లూ నల్లవే, బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి, ప్లగ్ చక్కగా దూరింది. ఆ స్పెక్ట్రమ్‌లో మెమరీ చిప్‌లు మార్చి బతికించేసరికి నెల పట్టింది. చవకగా మానిటర్ దొరికిందన్న ఆనందంలో అసలుకే ఎసరు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి అడాప్టర్ మీదా ఏ యంత్రానిదో పెద్ద అక్షరాలతో చీటీ అంటిస్తున్నాను. మానిటర్ల మధ్య కూడా ఇదే ప్రమాదం ఉంది. 12 వోల్టులది, 19 వోల్టులది ఒకే ప్లగ్‌తో వస్తుంటాయి. ప్లగ్ దూరడం రుజువు కాదు. చీటీ చదవండి, మీటర్ పెట్టండి.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో చెబుతాను.

- కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు యంత్రాలకూ కరెంటు ఆపి ఉండాలి. సరైన ఎర్త్ లేని అడాప్టర్ల నుంచి కొంచెం కరెంటు బయటి లోహానికి కారుతుంది. గ్రౌండ్ కలవకముందే సిగ్నల్ పిన్ను తాకితే అది చిప్ గుండా దారి వెతుక్కుంటుంది.
- కొత్త కేబుల్ ఏదైనా సరే, రెండు కొసలూ విడిగా ఉంచి పక్క పక్క పిన్నుల మధ్య మీటర్ పెట్టండి. గ్రౌండ్ పిన్నుల మధ్య కాకుండా ఇంకెక్కడైనా కూత వచ్చిందా, పక్కన పడేయండి.
- ఇంట్లో చేసిన కేబుల్‌కు తొడుగు లేకపోతే వాడవద్దు.
- తెర నల్లగా ఉంటే ప్లగ్ కదపకండి. స్విచ్ ఆపండి. తర్వాత ఆలోచించండి.
- అటారీ ఎస్‌టీ నడుస్తుండగా నలుపు తెలుపు, రంగుల మీట మార్చవద్దు. యంత్రం మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, దాచని పని పోతుంది.
- బొమ్మ దొర్లుతోందా? వీజీఏ మానిటర్ అడ్డ సింక్, నిలువు సింక్ (గీత, తెర ఎక్కడ మొదలో చెప్పే సిగ్నళ్లు) వేర్వేరుగా అడుగుతుంది. చాలా పాత యంత్రాలు రెండూ కలిపి ఒకే తీగ మీద ఇస్తాయి. ఎల్‌ఎం1881 చిప్ వంటి సింక్ విడదీసే సర్క్యూట్ కావాలి. మానిటర్‌ను తిట్టి లాభం లేదు.
- కమోడోర్ 64 పాత పవర్ ఇటుకను నమ్మవద్దు. లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టులు పైకి ఎగబాకి చిప్‌లను తినేస్తుంది. 5.25 దాటితే వెంటనే తీసేయండి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించినా వేడెక్కాక పెరగవచ్చు. కొత్త సరఫరా కొనడమే మేలు.
- మార్చే పరికరం కొంటే అది బయటికి ఏ వేగంలో ఇస్తుందో అడగండి. ఓఎస్‌ఎస్‌సీ అనే పరికరం గీతలను రెట్టింపు చేస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 50గానే ఉంచుతుంది. మానిటర్ 50 ఒప్పుకోకపోతే డబ్బు రెండుసార్లు పోయినట్టు.
- ఎప్పుడూ 60 హెర్ట్జ్ మాత్రమే ఇచ్చే చవక హెచ్‌డీఎంఐ పెట్టెలతో పాల్ ఆటలు కుంటుతాయి. చవక స్కార్ట్ పెట్టెలు కొన్ని ఆర్‌జీబీని వదిలేసి కంపోజిట్ మాత్రమే తీసుకుంటాయి. కొనేముందు అడగండి.
- వెలిగి రెండు సెకన్లలో ఆరిపోయే మానిటర్ కొనవద్దు. వెనుక దీపాలో, వాటి ఇన్వర్టరో, ఉబ్బిన కెపాసిటర్లో.
- అరగంట వెలిగించి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.
- పాత ఫ్లాట్ మానిటర్ విప్పవద్దు. దీపాల ఇన్వర్టర్ వందల వోల్టులు, మొదలయ్యే క్షణంలో వెయ్యికి పైగా ఇస్తుంది. సరఫరా లోపలి పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా కొంతసేపు కొరుకుతుంది. ఆ దీపపు గొట్టాల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టవద్దు.
- తప్పు వేగం సిగ్నల్ ఇస్తే ఫ్లాట్ మానిటర్ తిరస్కరించి ఊరుకుంటుంది. గాజు గొట్టం ఉన్న పాత వీజీఏ మానిటర్లన్నీ అలా ఊరుకోవు, కొన్ని కాలిపోతాయి. ఆ ప్రయోగాలు వాటి మీద చేయకండి.
- అమ్మేవారు ల్యాప్‌టాప్ తగిలించి చూపిస్తే చూడండి, కానీ అది మీ ప్రశ్నకు జవాబు కాదు. మీ యంత్రం, మీ కేబుల్, ఒక ఆట. మూడూ వెంట తీసుకెళ్లండి.
- తీసుకెళ్లలేకపోతే మాన్యువల్‌లో ఆ రెండు అంకెలూ చూసేదాకా బయానా ఇవ్వకండి.
- ఎవరో ఇచ్చిన కేబుల్‌తో ఎప్పుడూ మొదలుపెట్టకండి. ఆ కోసిన 25 పిన్నుల కేబుల్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఇంకెవరి చేతిలోనూ పడకుండా రెండు ప్లగ్‌లూ కత్తిరించేశాను.