సీపాప్ మెమరీ కార్డు బయటికి తీసే ముందు

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు చాలామందికి వచ్చే మాట ఇది: "మెషీన్‌లో ఉన్న కార్డు కూడా తీసుకురండి." వినడానికి చిన్న పనే. ఫోటోల కార్డు తీసినట్టే తీసి, కంప్యూటర్‌లో పెట్టి, కాపీ చేసుకుని, మళ్లీ పెట్టేయడమే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మా నాన్న స్లీప్ అప్నియాకి, అంటే నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే సమస్యకి, సీపాప్ మెషీన్ వాడతారు. మాస్క్ ద్వారా ప్రెషర్‌తో గాలి పంపి శ్వాసదారి మూసుకుపోకుండా ఉంచే మెషీన్ అది. ఒకసారి డేటా కాపీ చేసుకునేటప్పుడు కంప్యూటర్ కార్డు మీద ఏమీ రాయకుండా దానికి లాక్ వేశాను. పని అయ్యాక ఆ లాక్ తీయకుండానే కార్డుని మెషీన్‌లో పెట్టేశాను. తెర మీద మెసేజ్ వచ్చే ఉంటుంది. నాన్న నిద్రమత్తులో అది గమనించకుండా మాస్క్ పెట్టుకుని పడుకున్నారు. పది రోజుల తర్వాత చూస్తే ఆ రాత్రుల వివరం కార్డులో లేదు. మెషీన్ గాలి ప్రెషర్ మార్చిన తర్వాతి రాత్రులు అవే. డాక్టర్ చూడాలనుకున్నదీ వాటినే. ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక ధైర్యం చెప్పాలి. కార్డు లేకపోయినా మెషీన్ పనిచేస్తుంది, గాలి వస్తుంది, చికిత్స ఆగదు. పోయేది రికార్డే. ఎన్ని గంటలు వాడారు, గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది, మాస్క్ నుంచి గాలి ఎంత లీక్ అయింది లాంటి మొత్తం లెక్కలు చాలా మెషీన్లు తమ లోపలి మెమరీలో కూడా ఉంచుకుంటాయి. కానీ ప్రతి శ్వాస గీత ఎలా ఉందో చూపించే వివరం మాత్రం కార్డులోనే ఉంటుంది. రెస్‌మెడ్ కంపెనీ ఎయిర్‌సెన్స్ 10 లాంటి మెషీన్ గాలి ప్రవాహాన్ని సెకనుకు 25 సార్లు నమోదు చేస్తుంది. 8 గంటల నిద్రకి లెక్కేస్తే అవి 7,20,000 బిందువులు. శ్వాస గొంతు మూసుకుపోయి ఆగిందా, మెదడు నుంచి సంకేతం రాక ఆగిందా, లీక్ ఏ వేళ మొదలైంది లాంటివి ఆ గీతల్లోనే వెతకాలి. ఆ రాత్రి కార్డు లేకపోయినా, ఉండి రాయనివ్వకపోయినా ఆ వివరం తర్వాత ఎక్కడా దొరకదు.

ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

ఉదయం లేచి, మాస్క్ తీసి, మెషీన్ ఆపిన తర్వాతే తీయండి. ఆపిన వెంటనే కాదు. ఆపాక కూడా మెషీన్ కాసేపు కార్డు మీద రాస్తూ ఉంటుంది. కార్డు గుర్తు ఉన్న చిన్న లైటు మినుకుతుంటే రాస్తున్నట్టే లెక్క. అది పూర్తిగా ఆగేదాకా చేయి పెట్టకండి. రాస్తుండగా లాగితే ఆ రాత్రి ఫైలు సగంలో తెగిపోవచ్చు, ఒక్కోసారి కార్డు మొత్తం చదవడానికి రాకుండా పోవచ్చు. అర్ధరాత్రి నీళ్లకి లేచినప్పుడు తీయడం అసలు వద్దు. ఉదయం తీసి, చీకటి పడేలోపు తిరిగి పెట్టేస్తే ఒక్క రాత్రి కూడా పోదు.

కార్డు స్లాట్ కనపడక మెషీన్‌ని పక్కకి వంచి చూసేవాళ్లు ఉంటారు. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ తొట్టిలో నీళ్లు ఉండగా వంచితే ఆ నీళ్లు మెషీన్ లోపలికి పోతాయి. ముందు తొట్టి తీసి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు కార్డు మీద చేయి వేయండి. చాలా మెషీన్లలో కార్డుని లోపలికి కొంచెం నొక్కితే అదే బయటికి వస్తుంది, గోళ్లతో పీకాల్సిన పని లేదు. అంచులు పట్టుకోండి. వెనక ఉన్న బంగారు రంగు పట్టీలని తాకకండి. తీసిన కార్డుని జేబులో చిల్లరతో కలిపి వేయకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

లాక్ సంగతి

ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది కార్డు పక్కన ఉన్న ఆ చిన్న ప్లాస్టిక్ మీట. కార్డు లేబుల్ మీ వైపు, కోసినట్టు ఉండే మూల పైన కుడివైపు ఉండేలా పట్టుకుంటే మీట ఎడమ అంచున కనిపిస్తుంది. దాన్ని కిందికి జరిపితే లాక్, పైకి జరిపితే అన్‌లాక్. కంప్యూటర్‌లో పెట్టే ముందు కిందికి జరపాలి.

మనం ఏమీ చేయకుండా ఊరికే తెరిచి చూసినా కంప్యూటర్ మాత్రం ఊరుకోదు, అందుకే ఈ లాక్. విండోస్ తన సొంత ఫోల్డర్ ఒకటి కార్డులో పెట్టేస్తుంది. మ్యాక్ అయితే వెతకడానికి, చెత్తబుట్టకి, ఐకాన్ల అమరికకి కనపడని ఫైళ్లు చాలానే రాస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుకి తగిలించినా తన ఫోల్డర్లు తాను తయారు చేసుకుంటుంది. వీటివల్ల ప్రతిసారీ ప్రమాదం జరుగుతుందని కాదు. కానీ తిరిగి పెట్టినప్పుడు కొన్ని మెషీన్లు ఆ కార్డుని ఒప్పుకోక ఎర్రర్ చూపిస్తాయి. పదిమంది వాడే కంప్యూటర్‌లో పెడితే వైరస్ భయం కూడా ఉంది.

ఒక విషయం తెలిసి ఉండటం మంచిది. ఆ మీటకి కార్డు లోపల ఏ వైరుతోనూ సంబంధం లేదు. మీట ఎక్కడుందో కార్డు రీడర్ చూసి, రాయొద్దని కంప్యూటర్‌కి చెబుతుంది, అంతే. మీట స్థానాన్ని పట్టించుకోని రీడర్లు కూడా ఉన్నాయి. మీ రీడర్ ఎలాంటిదో తెలుసుకోవాలంటే పనికిరాని వేరే కార్డుకి లాక్ వేసి అందులో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి చూడండి. తయారైతే ఆ రీడర్‌ని నమ్మొద్దు. ఈ పరీక్ష సీపాప్ కార్డు మీద మాత్రం చేయకండి.

కంప్యూటర్ ముందు

కార్డు పెట్టగానే "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అని వచ్చిందంటే క్యాన్సిల్ నొక్కండి. ఇంకేదీ నొక్కకండి. "స్కాన్ చేసి సరిచేయమంటారా" అన్నా వద్దనే చెప్పండి. భయపడి ఓకే కొట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. చాలాసార్లు తప్పు కార్డుది కాదు, రీడర్‌ది. కార్డు తీసి, ఇంకో రీడర్‌లో, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. మైక్రో కార్డుని అడాప్టర్‌లో పెట్టి వాడుతుంటే ఆ అడాప్టర్ వదులు కావడం కూడా మామూలే. అందుకే నేను మెషీన్‌లో పూర్తి సైజు కార్డే పెడతాను.

కార్డు తెరుచుకుంటే అందులో ఉన్నదంతా ఒకేసారి కాపీ చేయండి, ఏదో ఒక ఫైలు ఏరుకోవద్దు. రెస్‌మెడ్ కార్డులో రోజువారీ మొత్తాల ఫైలు ఒకటి, మెషీన్ గుర్తింపు ఫైలు ఒకటి, తేదీల వారీ వివరం ఉండే డేటాలాగ్ ఫోల్డర్ ఒకటి ఉంటాయి. అన్నీ ఉన్నచోటే ఉంటేనే ఆస్కార్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా చదువుతుంది. ఫైళ్ల పేర్లు మార్చడం, ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం, చోటు కోసం పాతవి తుడిచేయడం లాంటివి వద్దు. చోటు సమస్య రాదు కూడా, ఒక రాత్రి డేటా కొన్ని ఎంబీలే.

కాపీ అయ్యాక చివరి తేదీ ఫోల్డర్ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ చాలామంది కంగారు పడతారు. ఈ మెషీన్లకి రోజు అంటే మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 వరకు. 15వ తేదీ రాత్రి పడుకుంటే 16వ తేదీ తెల్లవారుజాము రికార్డు కూడా 15 పేరుతోనే ఉంటుంది. రాత్రి పోయిందని అనుకోవద్దు. కాపీని సరిచూసుకున్నాక ఎజెక్ట్ నొక్కి, ఆ తర్వాతే కార్డు తీయండి. ఇకపై ఏం చూడాలన్నా కాపీలోనే చూడండి.

కొత్త కార్డు కొనాల్సి వస్తే 32 జీబీ లేదా అంతకంటే చిన్నది తీసుకోండి. అంతకంటే పెద్దవి వేరే ఫార్మాట్‌లో వస్తాయి, అవి అన్ని మెషీన్లకీ అర్థం కావు. వైఫై ఉన్న కార్డులు మెషీన్ నుంచి ఎక్కువ కరెంటు లాగి ఇబ్బంది పెట్టవచ్చు.

ఒకరి కార్డు ఇంకొకరి మెషీన్‌లో పెట్టడం మాత్రం ఎంత అవసరమైనా వద్దు. ఇంట్లో ఇద్దరికి సీపాప్ ఉంటే కార్డుల మీద పేర్లు రాయండి. డేటా కలిసిపోవడం ఒక్కటే కాదు, కొన్ని మెషీన్లలో ప్రెషర్ సెట్టింగులు కూడా కార్డు ద్వారా మార్చే వీలుంది.

డాక్టర్ దగ్గర కార్డు కొన్ని రోజులు వదిలి రావాల్సి వస్తే, ముందే కాపీ చేసుకుని, మెషీన్‌లో ఇంకో ఖాళీ కార్డు పెట్టండి. ఫైళ్లు ఎవరికైనా పంపేటప్పుడు అందులో మెషీన్ సీరియల్ నంబరు ఉంటుందని గుర్తుంచుకోండి. తెలిసినవాళ్లకి తప్ప పంపకండి.

తిరిగి పెట్టేటప్పుడు

మీట పైకి జరపండి. ఎయిర్‌సెన్స్ 10లో లాక్ ఉన్న కార్డు పెడితే, దాని మీద రాయడం కుదరదని, తీసి అన్‌లాక్ చేసి మళ్లీ పెట్టమని మెసేజ్ వస్తుంది. అది ఎదురుగా నిలబడి చూస్తేనే కదా తెలిసేది. అందుకే పడుకునే వేళకి వదలకుండా పగలే పెట్టి, తెర వైపు ఒక నిమిషం చూడండి. కార్డు టిక్ మని పూర్తిగా కూర్చోవాలి.

మా ఇంట్లో మెషీన్ పక్కన ఒక చీటీ అంటించాను, "లాక్ తీశారా?" అని. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. కార్డు తిరిగి పెట్టిన మర్నాడు ఉదయం, లైటు ఆగాక, ఒక్కసారి మళ్లీ తీసి, లాక్ వేసి, నిన్నటి తేదీ ఫోల్డర్ వచ్చిందో లేదో చూస్తాను. వచ్చిందని తేలాక నాన్నకి చెబుతాను. మీట పైకి జరిపి ఆయన చేతికే ఇస్తే, కార్డు ఆయనే పెడతారు.