ట్యాబ్లెట్‌కి డాక్ తగిలించినా పని చెయ్యట్లేదా? సమస్యలు, వాటి అసలు కారణాలు, పరిష్కారాలు

కొత్త ట్యాబ్లెట్ కొన్నాక చాలామంది వెంటనే వెతికేది డాక్ కోసమే, అంటే ఒక్క పోర్టుని చాలా పోర్టులుగా మార్చే చిన్న పెట్టె. మానిటర్, కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, ఛార్జర్ అన్నీ ఒక్క కేబుల్‌తో తగిలించేస్తే ట్యాబ్లెట్టే కంప్యూటర్ అయిపోతుంది కదా. ఆలోచన మంచిదే, అన్నీ కుదిరినప్పుడు నిజంగానే హాయిగా ఉంటుంది. కుదరనప్పుడు మాత్రం తప్పు ఎక్కడుందో తెలియక మంచి డాక్‌ని వాపస్ ఇచ్చేసేవాళ్లు, ట్యాబ్లెట్ పాడైపోయిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు రెండూ బాగానే ఉంటాయి. యూఎస్‌బీ-సీ వచ్చాక పోర్టు ఆకారం అందరిదీ ఒకటైంది గానీ, ఆ పోర్టు వెనక ఏమేం ఉండాలన్నది మాత్రం ఎవరిష్టం వాళ్లదిగానే మిగిలిపోయింది. కింద రాసిన సమస్యల్లో సగానికి పైగా అక్కడి నుంచే పుట్టాయి.

సమస్య: ఛార్జింగ్ అవుతోంది, పెన్‌డ్రైవ్ కనిపిస్తోంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది

ముందు మానిటర్‌లో ఇన్‌పుట్ సరైన హెచ్‌డీఎంఐకే ఉందో లేదో చూడండి. చిన్న విషయమే గానీ చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి.

అది సరిగ్గానే ఉంటే, మీ ట్యాబ్లెట్ అసలు బొమ్మ బయటికి పంపగలదా అన్నది తేల్చుకోవాలి. యూఎస్‌బీ-సీ పోర్టులో 24 పిన్నులుంటాయి. ఛార్జింగ్‌కీ మామూలు డేటాకీ వాటిలో కొన్ని చాలు. మానిటర్‌కి బొమ్మ పంపడానికి హైస్పీడ్ పిన్నుల జతలు కావాలి, దానికి తోడు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే ఏర్పాటు ట్యాబ్లెట్ చిప్‌లో ఉండాలి. తక్కువ ధర ట్యాబ్లెట్లలో ఖర్చు తగ్గించుకోవడానికి ఇది తీసేస్తారు. బయటికి చూస్తే పోర్టు అచ్చం అలాగే ఉంటుంది, తేడా కంటికి కనపడదు.

స్పెసిఫికేషన్ల పేజీలో ‘డిస్‌ప్లేపోర్ట్’ లేదా ‘వీడియో అవుట్’ అన్న మాట ఉందేమో వెతకండి. ‘యూఎస్‌బీ 2.0’ అని మాత్రమే ఉంటే చాలావరకు బొమ్మ రాదనే అర్థం, కానీ దానికీ మినహాయింపులున్నాయి. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌లో డేటా వేగం యూఎస్‌బీ 2.0 లాగా సెకనుకు 480 మెగాబిట్లే, అయినా మానిటర్‌కి బొమ్మ పంపగలదు. కాబట్టి వేగం అంకె చూసి తేల్చేయకండి, ఆ మాట ఉందా లేదా అన్నదే చూడండి.

లేదని తేలితే ఏ అప్‌డేటూ దాన్ని తీసుకురాలేదు, డాక్ మార్చినా లాభం లేదు. వైర్‌లెస్‌గా పంపుకోవచ్చు, మిరాకాస్ట్, ఎయిర్‌ప్లే లాంటివి అందుకే ఉన్నాయి. ఆండ్రాయిడ్ అయితే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టరు ఇంకో దారి, దానికి విడిగా యాప్ వేసుకోవాలి. అది బొమ్మని డేటా రూపంలో కుదించి పంపుతుంది కాబట్టి డాక్యుమెంట్లకి సరిపోతుంది, వీడియోలకీ గేములకీ మాత్రం నేను సలహా ఇవ్వను.

ట్యాబ్లెట్‌లో ఆ సౌకర్యం ఉండి కూడా బొమ్మ రాకపోతే అనుమానం కేబుల్ మీదకి పోవాలి. డాక్‌కి దాని సొంత కేబుల్ కాకుండా ట్యాబ్లెట్ పెట్టెలో వచ్చిన పొడుగాటి ఛార్జింగ్ కేబుల్ వాడుతున్నారా? వాటిలో చాలావాటికి లోపల హైస్పీడ్ తీగలే ఉండవు. ఛార్జింగ్ అవుతుంది, కీబోర్డు పని చేస్తుంది, బొమ్మ మాత్రం రాదు. డాక్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే ప్రయత్నించండి.

ఇంకో రకం కూడా ఉంది. హోమ్‌స్క్రీన్ మానిటర్ మీద చక్కగా కనిపిస్తుంది, సినిమా యాప్ తెరిచాక మాత్రం అంతా నలుపు, శబ్దం ఒక్కటే వస్తుంది. అది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ పని. డాక్, మానిటర్‌లలో ఏ ఒక్కటి దాన్ని ఒప్పుకోకపోయినా యాప్ బొమ్మ ఆపేస్తుంది. ఒక్కోటి మార్చి చూస్తే దొరుకుతుంది.

సమస్య: బొమ్మ వస్తోంది, కానీ మౌస్ కదిలిస్తే జారుడుగా, ఆగి ఆగి నడుస్తోంది

4కె (3840×2160 చుక్కల) మానిటర్ పెట్టుకున్నవాళ్లకి ఇది మామూలే. సెట్టింగ్స్‌లో చూస్తే 30 హెర్ట్జ్ అని ఉంటుంది, అంటే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. యూఎస్‌బీ-సీలో హైస్పీడ్ లేన్లు, అంటే పైన చెప్పిన జతలు, నాలుగు. యూఎస్‌బీ 3 వేగంతో డేటా పోర్టులిచ్చే డాక్ వాటిలో రెండు డేటాకి, రెండు బొమ్మకి పంచుతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కలో ఒక్కో లేన్ మీద సెకనుకు 5.4 గిగాబిట్లు పోతాయి, కోడింగ్ తరుగు తీసేస్తే రెండిటికీ కలిపి మిగిలేది 8.64. 4కె 60 హెర్ట్జ్‌కి 12కి పైగానే కావాలి. సరిపోదు కాబట్టి 30కి దిగిపోతుంది. డాక్ మీదున్న హెచ్‌డీఎంఐ పాత 1.4 రకమైనా ఇదే గతి, ఎందుకంటే 4కె 60కి హెచ్‌డీఎంఐ 2.0 కావాలి.

పైసా ఖర్చు లేని దారి రిజల్యూషన్‌ని 2560×1440కి తగ్గించడం. 60 హెర్ట్జ్ ఆ రెండు లేన్లలోనే పట్టేస్తుంది, మామూలు సైజు మానిటర్ మీద అక్షరాలు కూడా బాగానే ఉంటాయి. 4కె 60 కావాల్సిందే అంటే డాకూ ట్యాబ్లెట్టూ రెండూ డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయ్యుండాలి. లేదా డేటా పోర్టులు యూఎస్‌బీ 2.0 వేగానికే పరిమితమైన డాక్ తీసుకోవాలి, అప్పుడు నాలుగు లేన్లూ బొమ్మకే దక్కుతాయి. రెండోది వెనకడుగులా అనిపిస్తుంది గానీ కీబోర్డు, మౌస్ తప్ప ఇంకేం తగిలించనివాళ్లకి అదే సరైనది. అన్నట్టు, కొన్ని ట్యాబ్లెట్లు బయటి మానిటర్‌కి 4కె 30 మించి పంపలేవు, పైన చెప్పిన పదో తరం ఐప్యాడ్ కూడా అంతే. వాటికి ఖరీదైన డాక్ కొనడం దండగ.

డాక్‌కి రెండు హెచ్‌డీఎంఐలున్నాయి, రెండిట్లోనూ ఒకే బొమ్మ వస్తోంది అంటే అది వేరే సంగతి. ఒకే పోర్టు నుంచి రెండు వేర్వేరు బొమ్మలు పంపడానికి చాలా డాక్‌లు ఎంఎస్‌టీ అనే పద్ధతి మీద ఆధారపడతాయి, ఐప్యాడ్ దాన్ని వాడదు. ఒక్క మానిటర్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

సమస్య: ఛార్జర్ తగిలించే ఉన్నా బ్యాటరీ తగ్గిపోతోంది

ఛార్జర్ ఇటుక మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది, దాన్ని ఒకసారి వెలుతురులో పెట్టి చదవండి. 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అని ఉంటే గుణించుకోండి, 20 వాట్లు. ఇది డాక్ గుండా వెళ్లేటప్పుడు డాక్ ముందు తన వాటా తీసుకుంటుంది. హెచ్‌డీఎంఐ చిప్‌కి, కార్డ్ రీడర్‌కి, మీరు తగిలించే పెన్‌డ్రైవ్‌లకి అని మామూలుగా 10 నుంచి 15 వాట్లు పక్కన పెట్టేస్తుంది, అవి ఖాళీగా ఉన్నా సరే. ట్యాబ్లెట్‌కి చేరేది ఐదో పదో. స్క్రీన్ పూర్తి వెలుగులో ఉండి మానిటర్ కూడా నడుపుతుంటే ఆ కాస్తా ఖర్చుకే చాలదు, ఇక బ్యాటరీ ఏం నిండుతుంది? డాక్ పెట్టె మీద ‘100 వాట్లు’ అని ఉంది కదా అంటారు. అది డాక్ గుండా పంపగలిగే గరిష్ఠం మాత్రమే, డాక్ సొంతంగా కరెంటు పుట్టించదు.

20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని రాసున్న 65 వాట్ల పవర్ డెలివరీ (యూఎస్‌బీ-సీ ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి) ఛార్జర్ పెడితే ఈ గొడవ తీరిపోతుంది. కేబుల్ గురించి భయపడక్కర్లేదు. సీ నుంచి సీకి వెళ్లే మామూలు కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు మోస్తుంది. అంతకు మించి కావాలంటేనే లోపల చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి, ట్యాబ్లెట్‌కి ఆ అవసరం దాదాపు రాదు.

సమస్య: ఛార్జర్ పెట్టినా తీసినా ఒక్క క్షణం అన్నీ ఆగిపోతున్నాయి

కరెంటు ఎటు నుంచి ఎటు పోవాలో డాకూ ట్యాబ్లెట్టూ మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకుంటాయి, ఆ క్షణంలో చాలా డాక్‌లు మొత్తం రీసెట్ అవుతాయి. మానిటర్ ఒకసారి ఆరి వెలగడం వల్ల నష్టం లేదు, కానీ అదే సమయంలో హార్డ్‌డిస్క్‌కి ఫైల్ కాపీ అవుతుంటే ఆ ఫైల్ పాడవచ్చు. అందుకే ముందు ఛార్జర్‌ని డాక్‌కి తగిలించి, ఆ తర్వాత డాక్‌ని ట్యాబ్లెట్‌కి పెట్టండి. తీసేటప్పుడు డిస్క్‌ని ఎజెక్ట్ చేశాకే ఛార్జర్ జోలికి వెళ్లండి.

సమస్య: హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటూ వచ్చి పోతోంది

తిరిగే డిస్కులకి మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు కావాలి, ట్యాబ్లెట్ అంత ఇవ్వదు. డాక్‌కి ఛార్జర్ పెట్టి చూడండి. శబ్దం లేకుండా ఉండి, ఫైళ్లు మాత్రం కనపడకపోతే ఫార్మాట్, అంటే డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి, సంగతి చూడాలి, ఎక్స్‌ఫ్యాట్ అయితే దాదాపు అన్నిట్లోనూ నడుస్తుంది. ఫార్మాట్ మారిస్తే ఉన్న డేటా పోతుంది, ముందు కాపీ తీసుకోవడం మరవకండి.

సమస్య: డాక్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ గెంతుతోంది, వైఫై నెమ్మదించింది

యూఎస్‌బీ 3 సంకేతాల నుంచి వెలువడే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది, మౌస్ రిసీవరూ పాత వైఫై బ్యాండూ అక్కడే ఉంటాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం విడుదల చేసింది. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాక్‌కి దూరంగా జరపండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. చాలావరకు తగ్గిపోతుంది.

సమస్య: డాక్ లూజుగా ఉంది, చెయ్యి తగిలితే తెగిపోతోంది, లేదా పాత డాక్ కొత్త ట్యాబ్లెట్‌కి పట్టట్లేదు

నాకు బాగా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ వాడేవాళ్ల తప్పు ఏమీ లేదు. ముందు కేసు తీసి చూడండి. పోర్టు దగ్గర కేసు అంచు కాస్త మందంగా ఉన్నా ప్లగ్ చివరిదాకా దిగదు, పక్క నుంచి చూస్తే లోహపు భాగం సన్నగా బయటికి మెరుస్తూ కనిపిస్తుంది. కేసు తీశాక కూడా అలాగే ఉంటే పోర్టులో దూది పేరుకుందేమో, ట్యాబ్లెట్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, సూదులూ పిన్నులూ పెట్టకండి. ట్యాబ్లెట్‌కి నేరుగా గుచ్చుకునే రకం డాక్ అయితే దాని బరువంతా పోర్టు మీదే పడుతుంది. కేబుల్ ఉన్న రకానికి మారితే పోర్టు పదికాలాలు మన్నుతుంది.

కొత్త ట్యాబ్లెట్‌కి పాత డాక్ పట్టకపోవడానికి మాత్రం ఇంట్లో చేసుకునే వైద్యం లేదు. 2003 నుంచి ఆపిల్ 30 పిన్నుల కనెక్టర్ చుట్టూ ఎన్నో డాక్‌లు, స్పీకర్లు తయారయ్యాయి, 2012లో ఆపిల్ లైట్నింగ్ అనే కొత్త పోర్టుకి మారగానే అవన్నీ అడాప్టర్ లేనిదే పనికిరాకుండా పోయాయి. 2010 నాటి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్‌ది కూడా 30 పిన్నులదే, కానీ రెండూ ఒకదానికొకటి పట్టవు. మైక్రోసాఫ్ట్ 2014లో సర్ఫేస్ ప్రో 3తో తన సొంత కనెక్టర్ తెచ్చింది. ఐప్యాడ్ ప్రోకి 2015లో అంచు మీద ఇచ్చిన స్మార్ట్ కనెక్టర్ 2018 మోడల్‌లో వెనక్కి వెళ్లింది, దాంతో పాత కీబోర్డులు కొత్తదానికి కుదరలేదు. ప్రతిసారీ పనిచేస్తున్న వస్తువే చెత్తకి వెళ్లింది.

యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేసి, 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకీ ట్యాబ్లెట్లకీ యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ తప్పనిసరి చేసింది. చాలా మంచి పని. అయితే అది ఛార్జింగ్ వరకే. పోర్టు ఏ అంచున ఎక్కడుండాలి, డాక్ ట్యాబ్లెట్‌ని ఎలా పట్టుకోవాలి, బొమ్మ పంపగలదో లేదో పోర్టు పక్కన గుర్తు ఉండాలా అన్నవి దాని పరిధిలోకి రాలేదు. మానిటర్ల వెనక స్క్రూ రంధ్రాలు చూడండి. 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో ఉంటాయి, అది వెసా ప్రమాణం. ఒక కంపెనీ స్టాండు ఇంకో కంపెనీ మానిటర్‌కి బిగుస్తుంది, మానిటర్ మారినా స్టాండు మిగులుతుంది. ఆ కొలత ఉన్నందుకు మానిటర్లు సన్నబడడం ఆగలేదు, కొత్త డిజైన్లూ ఆగలేదు. ట్యాబ్లెట్ల సైజులు వేరు కదా అంటారు, మానిటర్ల సైజులూ వేరే కదా! పొడవాటి అంచు మధ్యలో పోర్టు, దానికి రెండు పక్కలా ఒకే దూరంలో అయస్కాంతాలు, బొమ్మ పంపలేని పోర్టు అయితే పెట్టె మీదే పెద్దక్షరాల్లో ఆ మాట, ఈ మూడూ అన్ని కంపెనీలూ ఒప్పుకుంటే పైన రాసిన సమస్యల్లో చాలావాటికి ఈ గైడే అక్కర్లేదు.

అంతవరకు ఒక మోడల్‌కే అచ్చుపోసిన స్టాండు డాక్‌లు కొనకండి. స్టాండు విడిగా, కేబుల్ డాక్ విడిగా తీసుకుంటే ట్యాబ్లెట్ మార్చినప్పుడు రెండూ మీతోనే వస్తాయి.

ఇవన్నీ చూసినా పని చెయ్యకపోతే

డాక్‌ని బొమ్మ పంపగలదని ఖాయంగా తెలిసిన ఒక ల్యాప్‌టాప్‌కి, అదే కేబుల్‌తో, అదే మానిటర్‌తో తగిలించండి. అక్కడ పని చేస్తే డాక్ మంచిదే, మీ ట్యాబ్లెట్‌కి ఆ సౌకర్యం లేదు లేదా దాని పోర్టు దెబ్బతింది. అక్కడా పని చెయ్యకపోతే కేబుల్ ఒక్కటి మార్చి చూసి, అప్పటికీ రాకపోతే వాపస్ గడువు దాటకముందే డాక్‌ని తిరిగి ఇచ్చేయండి.