రాతి ఒడ్డున గూడబాతులు – 3వ పాఠం: మెడ చూసి కాలం చెప్పడం

పోయిన పాఠంలో, అలల మీదుగా బారులు తీరి పోయే పక్షుల్ని దూరం నుంచే గూడబాతులని పోల్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి కూర్చున్న పక్షిని చూద్దాం. చోటు అదే, కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గరి లా హోయా. రెట్టలతో తెల్లబడ్డ ఇసుకరాతి అంచుల మీద బ్రౌన్ పెలికాన్లు, అంటే గోధుమరంగు గూడబాతులు, పక్కపక్కనే కూర్చుంటాయి.

ముందు పొట్ట చూడండి. పొట్ట తెల్లగా ఉండి, తలా మెడా మట్టిరంగులో ఉంటే అది పిల్ల పక్షి. పెద్ద పక్షికి ఇది తిరగబడుతుంది: పొట్ట ముదురు రంగు, తల లేత రంగు. పెద్ద ఈకలు పూర్తిగా రావడానికి మూడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది కాబట్టి, అటూ ఇటూ కాని పక్షులు చాలానే కనిపిస్తాయి. వాటిని ప్రస్తుతానికి వదిలేయండి. పెద్దవాటి మీదే కన్ను నిలపండి.

ఇప్పుడు మెడ వెనకభాగం. అది తెల్లగా ఉంటే పక్షి జత కట్టే కాలంలో లేదు. ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగుకు తిరిగి ఉంటే, ఆ కాలం వచ్చేసింది. నెత్తి పసుపు పూసుకున్నట్టుంటుంది. ముక్కు కింద వేలాడే సంచి గొంతు దగ్గర ఎర్రగా మెరుస్తుంది. మామూలప్పుడు గోధుమరంగులో ఉండే కళ్ళు కూడా లేతబడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో లా హోయాకు వెళ్తే ఈ రంగులన్నీ ఒకే పక్షిలో చూడొచ్చు. తొలిసారి చూసినప్పుడు ఇది వేరే జాతి అనుకున్నాను. ఏడాది పొడుగునా అదే గట్టుకు వెళ్ళాకే, ఒకే పక్షి ఇన్ని వేషాలు కడుతుందని నమ్మకం కుదిరింది.

కాసేపు ఒక్క పక్షినే చూడండి. ఉన్నట్టుండి ముక్కును నిటారుగా ఆకాశంలోకి ఎత్తుతుంది. సంచి సాగి గొంతు మీద బిగుసుకుంటుంది, పల్చటి చర్మంలో రక్తనాళాలు కనిపిస్తాయి. మరోసారి తల వెనక్కి వాల్చి, ఆ సంచిని తన మెడ మీదికే తిరగేసుకుంటుంది. అది జబ్బు కాదు, ఒళ్ళు విరుచుకోవడం లాంటిది. నాకు ఈ పక్షిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

ఎంత దగ్గరగా వెళ్ళొచ్చు? నిద్రపోతున్న పక్షులు తల పైకెత్తితే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చేశారు. ఒకసారి ఫోటో కోసం నేను ఇంకో రెండడుగులు వేశాను. ముప్పై పక్షులు ఒక్కసారిగా లేచిపోయాయి. చలికి ముడుచుకుని ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నవాటిని లేపేశానే అన్న బాధ ఈనాటికీ పోలేదు. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి, అడుగులు తగ్గించండి.

వసంతానికి ముదురు మెడ పక్షులు గట్టు మీద పల్చబడతాయి. చాలావరకు అనకాపా లాంటి దీవుల్లోనూ, మెక్సికో తీరంలోనూ గూళ్ళ దగ్గర ఉంటాయి. ఈ పక్షి గుడ్లను పొట్ట కింద కాదు, పాదాల తోలు కింద పెట్టుకుని పొదుగుతుంది. డీడీటీ అనే పురుగుమందు సముద్రంలో కలిసి, చేపల ద్వారా తల్లి ఒంట్లోకి చేరినప్పుడు గుడ్ల పెంకులు పల్చబడి, ఆ పాదాల కిందే చితికిపోయాయి. 1970లో అనకాపాలో 552 గూళ్ళు కడితే బతికి బయటపడింది ఒక్క పిల్ల. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 2009లో ఈ పక్షి అంతరించిపోయే జాతుల జాబితా నుంచి బయటికొచ్చింది. అందుకే తెల్లపొట్ట పిల్ల పక్షి కనిపిస్తే నేను తప్పకుండా లెక్క రాసుకుంటాను.

పిల్లలు ఎగరడం నేర్చాక, వేసవిలోనూ శరత్తులోనూ, ఎన్నో పక్షులు ఉత్తరానికి వాషింగ్టన్ తీరం దాకా సాగుతాయి. అప్పుడు మెడలు తెల్లవి, సంచులు వెలిసిపోయినవి. జూన్‌లో పొద్దున్నే మబ్బు కమ్మి రంగులు తెలియవు. మధ్యాహ్నం వెళ్ళండి.

మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు, పైనుంచి నీళ్ళలోకి బాణంలా పడ్డ పక్షిని చూసి, "మన నేలపట్టులోవి ఈదుకుంటూ ముక్కుతో తోడుకుంటాయి గానీ ఇలా దూకవే!" అంది. సరిగ్గా పట్టుకుంది. ఆ దూకుడే వచ్చే పాఠం.

అప్పటిదాకా అభ్యాసం: ఒకే గట్టు మీద ఇరవై పక్షుల్ని ఎంచుకోండి. తెల్లపొట్టలు ఎన్ని, తెల్లమెడలు ఎన్ని, ముదురు మెడలు ఎన్ని, తేదీతో సహా రాయండి. నెల తర్వాత అదే గట్టుకు వెళ్ళి మళ్ళీ రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నాలుగో పాఠానికి రండి.