ఊగే కెమెరా సినిమాకి ముందు జాగ్రత్తలు

ఈ రాత్రి పర్లాకిమిడిలో మా మేడ గదిలో న్యూయార్క్ మీద ఓ పెద్ద మృగం పడే 2008 నాటి సినిమా ‘క్లోవర్‌ఫీల్డ్’ వేస్తున్నాం. వచ్చేవాళ్ళు ఇవి చూసుకోండి.

– పీకలదాకా తినొద్దు. కెమెరా ఓ కుర్రాడి చేతిలో పరుగెడుతుంది. కదులుతున్నామని కన్ను అంటుంది, కూర్చునే ఉన్నామని లోచెవి అంటుంది. ఆ పేచీతోనే వికారం. ఉదయగిరి ఘాటీలో బస్సెక్కితే వాంతయ్యేవాళ్ళు తెరకి దూరంగా కూర్చోండి. తల తిరిగితే కాసేపు గోడవైపు చూడండి.

– వెనకాల చిన్న బల్బు ఉంచుతాం.

– చిన్నపిల్లల్ని పడుకోబెట్టి రండి.

– ఫోన్లు ఆపేయండి, దయచేసి. న్యూయార్క్ వీధిలోకి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ తల దొర్లుకుంటూ వచ్చిపడే క్షణం పోగొట్టుకోవద్దు. నాకిప్పటికీ అరచేతులు తడుస్తాయి! చాలాసేపు ఆ మృగం పూర్తిగా కనపడదు, మేడల సందులోంచి ఓ కాలు మాత్రం. ఎంత అందమైన భయమో.

– మొత్తం 85 నిమిషాలే. మంచినీళ్ళు ముందే తాగి రండి.