ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ చూసి నేరం ఏ కోవలోదో తేల్చుకోవడం ఎలా

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు ముందు అడిగేది స్టేషన్ బెయిల్ వస్తుందా, రిమాండుకు పంపుతారా అనే. దీనికి జవాబు నేరం ఎంత ఘోరంగా కనిపిస్తోందో చూస్తే దొరకదు. విశాఖ గాజువాక దగ్గర హైవే మీద నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చనిపోతే పెట్టే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1) బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా వస్తుంది. పూర్ణా మార్కెట్‌లో ఎనిమిది వేల ఫోను కొట్టేస్తే పెట్టే 303(2) నాన్‌బెయిలబుల్. కాబట్టి ఊహతో కాకుండా షెడ్యూల్ తెరిచి చూడాలి.

ముందు నేరం జరిగిన తేదీ చూడండి. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ఆ రోజు నుంచి జరిగినదైతే బీఎన్‌ఎస్. బీఎన్‌ఎస్ కేసైతే, అరెస్టు, బెయిల్, విచారణ పద్ధతులు చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చివర ఉన్న మొదటి షెడ్యూల్ తీయండి. అందులో ఆరు గడులు: సెక్షన్, నేరం, శిక్ష, కాగ్నిజబులా కాదా, బెయిలబులా కాదా, ఏ కోర్టు విచారిస్తుంది. బ్రాకెట్‌లోని అంకె వదిలేస్తే వేరే వరుస చదివేస్తారు. 3(5) కనిపిస్తే విడిగా వెతకొద్దు. ఉమ్మడి ఉద్దేశం అని చెప్పేదే తప్ప దానికి సొంత శిక్ష లేదు, పక్కనున్న అసలు సెక్షనే లెక్క.

కాగ్నిజబుల్ అంటే పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగలరు, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టగలరు. అలాగని వెంటనే అరెస్టు చేయాలని లేదు. ఏడేళ్ల లోపు శిక్షల కేసుల్లో చాలావరకు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇచ్చి పిలుస్తారు. నాన్‌కాగ్నిజబుల్ అయితే సమాచారం నమోదు చేసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు (బీఎన్‌ఎస్‌ఎస్ 174). ఒకే కేసులో రెండు రకాల సెక్షన్లూ ఉంటే మొత్తం కేసు కాగ్నిజబుల్ కిందే నడుస్తుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది కొట్లాట కేసుల్లో. మామూలు గాయానికి 115(2), అది నాన్‌కాగ్నిజబుల్. ఎముక విరిగినా, పన్ను ఊడినా, 15 రోజులు తీవ్రమైన నొప్పితోనో రోజువారీ పనులు చేసుకోలేకనో ఉన్నా అది తీవ్ర గాయం: 117(2), కాగ్నిజబుల్. రెండింటికీ మధ్య తేడా తేల్చేది ఎక్స్‌రే. అందుకే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో మెడికో లీగల్ కేసుగా (పోలీసు కేసుకు సంబంధించిన గాయంగా) రాయించుకుని, ఎక్స్‌రే తీయించి, గాయాల సర్టిఫికెట్ దర్యాప్తు అధికారికి చేరిందో లేదో కనుక్కోవాలి. ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టించుకుని వారం తర్వాత వెళితే ఆ గాయం ఆ రోజుదేనా అన్న పేచీ మొదలవుతుంది. 117(2) కూడా బెయిలబులే, అది మర్చిపోవద్దు.

బెయిలబుల్ అయితే బెయిల్ హక్కు (బీఎన్‌ఎస్‌ఎస్ 478), స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. అరెస్టయిన వారంలోపు జామీను తేలేకపోతే నిరుపేదగా భావించి సొంత బాండు మీద వదలాలి. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, కోర్టు విచక్షణ మీద ఆధారపడుతుందని.

రాజీ సంగతి షెడ్యూల్‌లో ఉండదు, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 359లో ఉంటుంది. అక్కడ రెండు పట్టికలు: మొదటిదానికి కోర్టు అనుమతి అక్కర్లేదు, రెండోదానికి కావాలి. 117(2), మోసానికి పెట్టే 318(4) రెండోదాంట్లో ఉన్నాయి. 106(1) ఎందులోనూ లేదు. మృతుడి కుటుంబానికి పరిహారం ఇచ్చి కాగితం రాసుకున్నా కింది కోర్టులో కేసు ముగియదు.

కోర్టు గడిలో ఇంకో చిక్కు. పాత విశాఖ కాగితాల్లో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అని ఉంటుంది. కొత్త చట్టం ఆ తరగతిని తీసేసింది. ఇప్పుడు ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లే.

సెక్షన్ బీఎన్‌ఎస్‌ది కాకుండా వేరే చట్టానిదైతే షెడ్యూల్ రెండో భాగానికి వెళ్లాలి. మూడేళ్ల కంటే తక్కువ శిక్షయితే నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్. మూడేళ్లు, ఆపైన అయితే రెండూ తారుమారు. 'మూడేళ్ల వరకు' అని ఉన్న కాపీరైట్ నేరం 'మూడేళ్లు, ఆపైన' వరుసలోకే (కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్) వస్తుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కానీ ఆ చట్టంలోనే వేరే నియమం ఉంటే అదే చెల్లుతుంది: ఐటీ చట్టం 77బి ప్రకారం మూడేళ్ల శిక్ష నేరాలు బెయిలబుల్.

ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి కేసుల్లో తూకమే అంతా తేలుస్తుంది. కిలో లోపు చిన్న మొత్తం, ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, 10 నుంచి 20 ఏళ్లు; బెయిల్‌కు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 37 కఠిన షరతులు అడ్డుపడతాయి, ఛార్జిషీటు గడువు కూడా 180 రోజులకు పెరుగుతుంది. ఇరవైకి అటూఇటూగా ఉన్న కేసులో పంచనామాలోని బరువు గోనెసంచితో కలిపినదా, సంచి తీసేసి తూచినదా అన్నది లాయరు చేత ముందే చూపించుకోండి.