ఫైల్ సర్వర్‌లో పెద్ద లోపం బయటపడితే ముందు ఏం చేయాలి?

భీమవరంలో రొయ్యల కొనుగోలు ఆఫీసులైనా, తణుకు వైపు రైసు మిల్లులైనా, చాలాచోట్ల బల్ల కింద ఒక లైనక్స్ కంప్యూటర్ ఉంటుంది. ట్యాలీ డేటా, కాటా స్లిప్పులు, బిల్లుల స్కాన్లు అన్నీ అందులోనే. వాటిని మిగతా కంప్యూటర్లకి పంచేది సాంబా అనే సాఫ్ట్‌వేర్. దాంట్లో ప్రమాదకరమైన లోపం ఉందని తెలియగానే అందరూ అప్‌డేట్ కోసం పరిగెడతారు. కాలవగట్టుకి గండి పడితే ముందు పై లాకు దగ్గర నీళ్లు కట్టేస్తారు, ఇసుక బస్తాలు ఆ తరవాతే. ఇక్కడా అంతే, ముందు ఇంటర్నెట్ నుంచి లోపలికొచ్చే దారి మూయాలి.

రౌటర్ పేజీ తెరిచి పోర్ట్ ఫార్వర్డింగ్‌లో (బయటివాళ్లని లోపలి కంప్యూటర్‌కి చేర్చే సెట్టింగు) సాంబా వాడే పోర్టులు 445, 139 ఉంటే తీసేయండి. పరికరాలు తమంతట తామే అలాంటి దారులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ ఆపండి. ఒక కంప్యూటర్‌ని మొత్తంగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టే డీఎంజెడ్ కూడా చూడండి, కెమెరాలు బిగించినప్పుడు ఆన్ చేసి అలాగే వదిలేసి ఉండొచ్చు.

సర్వర్‌ని ఇంకా రీస్టార్ట్ చేయకండి. ‘ఎస్ఎంబీస్టేటస్’ కమాండ్ ఇస్తే ఆ క్షణాన ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో కనిపిస్తుంది, రీస్టార్ట్ చేస్తే ఆ జాడ పోతుంది. ఆ జాబితానీ, సాంబా లాగ్‌లనీ (జరిగినవి నమోదయ్యే ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డేటాని కొత్త డిస్కులోకి కాపీ చేసి, ఆ కొత్త డిస్కుని సర్వర్ నుంచి పీకేయండి. పాత బ్యాకప్ మీద రాయొద్దు. ఇవాళ్టి కాపీ చెడి ఉంటే మంచిది కూడా పోతుంది.

ఇక వెర్షన్. ఇక్కడే చాలామంది పొరబడతారు. 2017 మే 24న ప్రకటించిన సాంబా లోపం సీవీఈ-2017-7494నే తీసుకోండి (సీవీఈ అంటే ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు). ఫైళ్లు రాసే అనుమతి ఉన్న షేర్‌లోకి ఒక లైబ్రరీ ఫైల్ ఎక్కించి, సర్వర్ చేతే దాన్ని నడిపించగలిగే లోపం అది. సాంబా 3.5.0 వెర్షన్ నుంచీ ఉంది, 4.6.4, 4.5.10, 4.4.14లలో సరిచేశారు. ఐతే ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ రకాలు పాత నంబరు ఉంచే మరమ్మతు కలుపుతాయి. కాబట్టి నంబరు ఒక్కటే చూడకుండా ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితా) ఆ సీవీఈ ఉందేమో వెతకండి.

అప్‌డేట్ ఇంకా రాకపోతే ప్రకటనలో చెప్పిన తాత్కాలిక ఉపాయం వాడండి. ఈ లోపానికైతే సాంబా సెట్టింగుల ఫైల్‌లోని గ్లోబల్ భాగంలో ‘ఎన్‌టీ పైప్ సపోర్ట్ = నో’ అన్న వరుస. దాంతో విండోస్‌లో కొన్ని పనులు ఆగిపోవచ్చు, సిబ్బందికి ముందే చెప్పండి.

అప్‌డేట్‌కి ముందు యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసుకోండి. మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో ఆగుతాయి. అప్‌డేట్ అయ్యాక సర్వీసు స్టేటస్‌లో సాంబా మొదలైన సమయం చూడండి. పాత సమయమే ఉంటే మెమరీలో పాత కోడే నడుస్తోంది, రీస్టార్ట్ చేయాలి. తరవాత ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక ఫైల్ తెరిచి, సేవ్ చేసి చూడండి. లైనక్స్ కంప్యూటర్ బదులు, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన నాస్ డబ్బా (ఫైళ్లు పంచడానికే అమ్మే పెట్టె) ఐతే డేటా దించుకుని పక్కన పెట్టేయడమే.

అప్‌డేట్ తలుపు మూస్తుందే గానీ, ముందే లోపలికొచ్చినవాణ్ణి పంపించదు. షేర్లలో ‘.ఎస్ఓ’తో ముగిసే ఫైళ్లు, అంటే పైన చెప్పిన లైబ్రరీ ఫైళ్లు, వెతకండి. కాటా స్లిప్పుల ఫోల్డర్‌లో వాటికి పనే లేదు. కొత్త యూజర్లు, క్రాన్ పనులు (వేళకి వాటంతట అవే నడిచేవి), ఎస్ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యే తాళంచెవులు) కూడా చూడండి. ఏదైనా దొరికితే తుడిచి ఊరుకోవద్దు: నెట్‌వర్క్ కేబుల్ పీకి, సిస్టమ్ కొత్తగా ఎక్కించి, పాస్‌వర్డులన్నీ మార్చండి. మొదట గమనించిన సమయం కాగితం మీద రాసుకోండి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి చొరబాటు గురించి 6 గంటల్లోగా తెలపాలి, ఆ గంటలు లెక్కపెట్టేది అక్కణ్ణుంచే.